నేలవేము, తిప్పతీగ కలిస్తే బలం పెరిగిందని ఎలా తేల్చాలి?

శ్రీకాకుళం పల్లెల్లో జ్వరమొస్తే నేలవేము, తిప్పతీగ కలిపి కషాయం కాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రెండూ కలిస్తే బలమెక్కువని నమ్మకం. ల్యాబ్‌లో దీన్ని తేల్చడం అంత తేలిక కాదు.

విడిగా ఒకటి 30 శాతం, ఇంకోటి 40 శాతం వైరస్‌ను ఆపుతున్నాయనుకోండి. కలిపితే 58 వచ్చింది. ఘనంగానే కనిపిస్తుంది గానీ, ఒకటి వదిలేసిన 70లో రెండోది 60 శాతం వదిలితే మిగిలేది 42. అంటే ఎవరి పని వాళ్లు చేసుకున్నా 58 వస్తుంది. ఇది బ్లిస్ లెక్క. 80 వస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

రెండూ ఒకే చోట దెబ్బకొట్టేవైతే లోవె లెక్క నయం. సగం వైరస్‌ను ఆపడానికి విడిగా 20, 40 మైక్రోగ్రాములు కావాల్సినవి, కలిపితే 5, 10తోనే ఆపాయనుకోండి: 5/20 + 10/40 = 0.5. ఒకటి కంటే తక్కువైతే తోడ్పాటు, ఎక్కువైతే వైరం. చౌ, తలాలే 1984లో చెప్పిన కాంబినేషన్ ఇండెక్స్ కూడా ఇలాగే చదువుకోవాలి.

మందుల కంటే ముందు కణాల సంగతి చూడాలి. వైరస్‌ను పెంచడానికి ల్యాబ్‌లో వాడే వీరో కణాల్లో (కోతి కిడ్నీ కణాలు) సగాన్ని చంపే మోతాదు, వైరస్‌లో సగాన్ని ఆపే మోతాదు: విడి మందులకే కాదు, కలిపిన వాటికీ ఈ రెండూ కొలవాలి. కణాలే చచ్చిపోతే వైరస్ పెరగడానికి చోటే ఉండదు. దాన్ని మందు గొప్పతనం అనుకునే ప్రమాదముంది.

96 గుంటల ప్లేటులో అంచు గుంటల్లో మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మాత్రమే పోయండి, అవి ముందు ఆరిపోతాయి. లోపలి 60లో ఒక మందును అడ్డంగా, ఇంకోదాన్ని నిలువుగా, సగం సగం తగ్గిస్తూ వేయాలి. ఎక్కువమంది బోల్తాపడేది మందును కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ దగ్గర. ఒక్కో మందుతో 0.25 శాతం పోతే, కలిపిన గుంటలో 0.5 అవుతుంది. మందు లేని గుంటలతో సహా అన్నిటిలో 0.5 ఉండాలి. లేకపోతే ద్రావకం చేసిన పని మందు ఖాతాలో పడుతుంది.

బతికున్న కణాలు ఊదారంగుగా మార్చే ఎంటీటీ అనే రంగుతో కణాలెన్ని బతికాయో కొలుస్తారు. దాంతో ఇంకో చిక్కు. మొక్కల రసంలోని కొన్ని పదార్థాలు కణాలు లేకపోయినా దాన్ని ఊదారంగుగా మార్చేస్తాయి. కణాలు లేకుండా రసం మాత్రమే ఉన్న గుంటలు మూడైనా పెట్టండి. ఎంటీటీ పోసేముందు కణాలను కడగాలి. వైరస్‌ను మాత్రం ప్లేక్‌లు (కణాల పొరలో వైరస్ చేసిన ఖాళీ మచ్చలు) లెక్కపెట్టి కొలిస్తేనే నమ్మకం.

ఒక పరీక్ష చాలామంది చేయరు: నేలవేమును నేలవేముతోనే కలిపి చూడటం. లోవె లెక్కలో ఒకటికి దగ్గరగా రావాలి. 0.6 వస్తే తప్పు పిపెట్‌లోనో, లెక్కలోనో ఉన్నట్టే.

సంతలో కొన్న బస్తా మారితే అంకెలూ మారతాయి. ప్రతి నేలవేము బస్తాలో దాని ముఖ్య పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్ ఎంతుందో హెచ్‌పీఎల్‌సీలో (రసంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) కొలిచి, ఆ అంకెను ప్లేటు నోట్సులోనే రాసుకోవాలి.