అడవి బాతు రక్తం చదవడం నేర్చుకున్నాను: నా అనుభవం

అడవి బాతుల రక్తంలో ఉండే పరాన్నజీవుల మీద పని చేస్తున్నానంటే మనవాళ్లు మొదట అడిగేది ఒకటే, "మరి దానికి మందేంటి?" అని. పశువైద్యం చదివినవాణ్ని కాబట్టి నాకూ మొదట తట్టింది ఆ ప్రశ్నే. గన్నవరం వెటర్నరీ కాలేజీలో రక్తం స్లయిడు చూశామంటే దాని వెనకే మందుచీటీ ఉండేది. సంకరజాతి ఆవుకు విడవని జ్వరం, గ్రంథులు ఉబ్బాయి, స్లయిడులో థైలేరియా అనే పరాన్నజీవి కనబడింది, అయితే దాని మందు బుపార్వాకోన్ రాయి. అంతే. అమెరికాలో ఎగువ మిషిగన్ చిత్తడి నేలల్లో తిరిగే బాతుకు చీటీ రాసేవాడూ లేడు, రాసినా మింగించేవాడూ లేడు. మరి స్లయిడు చదవడం దేనికి? ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది అదే.

అనుమతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడ వలస పక్షి కాలికి గుర్తింపు రింగు వేయాలంటే ఫెడరల్ పర్మిట్ ఉండాలి. రక్తం తీయాలంటే యూనివర్సిటీ జంతు సంరక్షణ కమిటీ ఆమోదం వేరే. మా ప్రొఫెసర్‌గారికి అవన్నీ ముందే ఉన్నాయి, అందులో నా పేరు చేర్పించుకోవడం వరకే నా వంతు. పక్షి బరువులో నూటికి ఒక వంతుకు మించి రక్తం తీయకూడదన్నది షరతు. కిలో తూగే మల్లార్డ్ బాతుకి అది పది మిల్లీలీటర్లు అవుతుంది. మాకు కావలసింది కొన్ని చుక్కలే.

ఆగస్టులో రింగుల పని మొదలవుతుంది. లోతు లేని నీళ్లలో తీగ వలతో బోను కట్టి లోపల మొక్కజొన్న గింజలు చల్లుతారు. బోను మూతి లోపలికి పోనుపోను ఇరుకవుతుంది. కొల్లేట్లో చేపలకు పెట్టే మావు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే వెళ్లి ఒక్కొక్క బాతునే బయటికి తీసి, ఈకలు చూసి ఈ ఏడు పుట్టినదా పాతదా తేల్చి, కాలికి అల్యూమినియం రింగు నొక్కి నా చేతికిచ్చేవారు. తల చంక కింద చీకట్లోకి పెట్టుకుంటే బాతు కొట్టుకోవడం ఆపేస్తుంది. కాలి లోపలి వైపు సిర మీద స్పిరిట్ దూదితో తుడిచి సన్న సూది గుచ్చితే నెత్తురు బొట్టు కడుతుంది. దాన్ని సన్నటి గాజు గొట్టంలోకి తీసుకుని ఒక చుక్క స్లయిడు మీద పెట్టి, రెండో స్లయిడును ఏటవాలుగా ఆనించి ఒక్క ఊపులో ముందుకు తోయాలి. చేయి తడబడితే పొర గీతలు పడుతుంది. చిత్తడిలో గాలి తేమగా ఉంటుంది, స్లయిడు ఆరడం ఆలస్యమైతే కణాలు ముడుచుకుపోయి దేన్నీ గుర్తుపట్టలేం. అందుకని బ్యాటరీ ఫ్యాన్ ఒకటి పడవలోనే పెట్టుకునేవాళ్లం. స్లయిడు మీద నంబరు పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా ఐతే తర్వాత మిథనాల్‌లో ముంచగానే కొట్టుకుపోతుంది.

రక్తాన్ని గొట్టంలో కాసేపు కూడా ఉంచకూడదన్నది మా ప్రొఫెసర్‌గారి పట్టుదల. కారణం వింటే నాకు ఆశ్చర్యం వేసింది. బాతు ఒంట్లోంచి బయటపడి కాస్త చల్లబడగానే పరాన్నజీవి తాను, తనను మోసే రక్తం పీల్చే ఈగ కడుపులోకి చేరిన లెక్కన నడుచుకుంటుంది. ఉన్న కణాన్ని వదిలి గుండ్రంగా అవుతుంది, మగ రూపాలు తోకల్లాంటి పోగులు విసురుతాయి. ఇక స్లయిడులో అసలు ఆకారం మిగలదు. విలియం మెకాలమ్ అనే విద్యార్థి 1897లో కాకి రక్తంలో ఆ పోగు వెళ్లి ఆడకణంలో కలవడం కళ్లారా చూశాడు. అదే ఏడాది ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటేడు కలకత్తాలో, దోమే ఆ రోగాన్ని మోస్తుందన్న ఈ కథను ఆయన పూర్తి చేసింది మాత్రం మనుషుల మలేరియాతో కాదు, పిట్టల మలేరియాతో. బేగంపేటలో ఆయన పేరున్న భవనం ముందునుంచి ఎన్నోసార్లు పోయాను గానీ, పిట్టల ఊసు నాకు తెలిసింది మిషిగన్‌లోనే.

ల్యాబులో జీమ్సా రంగు వేశాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఆవు రక్తానికి అలవాటైన కంటికి పక్షి రక్తం కొత్త లోకం. ఆవు ఎర్రకణంలో కేంద్రకం ఉండదు, కాబట్టి లోపల ఊదారంగు కనబడితే అనుమానించాల్సిందే. పక్షి ఎర్రకణం కోలగా ఉండి, నడిమధ్య కేంద్రకం ప్రతిదానికీ ఉంటుంది. మొదట్లో నాకు ప్రతి కణమూ రోగిష్టిగానే తోచింది. ప్రొఫెసర్‌గారు రోగం ఉన్న స్లయిడు ఇవ్వకుండా చాలాకాలం శుభ్రమైన స్లయిడులే చూడమన్నారు. ఆ పద్ధతి సరైనదని ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు నేనూ గట్టిగా చెబుతున్నాను.

తర్వాత మూడు రకాల పరాన్నజీవులూ ఒక్కొక్కటే తెలిశాయి. హీమోప్రోటియస్ ఎర్రకణం లోపల కేంద్రకాన్ని చుట్టుకుని వంకీలా ఉంటుంది, ఒంట్లో బంగారు గోధుమ రంగు గింజలు మెరుస్తుంటాయి. అవి అది తిన్న హీమోగ్లోబిన్ తాలూకు మిగులు. దీన్ని మోసేవి కంటికి సరిగా ఆనని నుసుములు. ప్లాస్మోడియంకీ ఆ గింజలుంటాయి, కానీ అది రక్తకణంలోనే ముక్కలై పెరుగుతుంది. దాన్ని మోసేది దోమ. మూడోది ల్యూకోసైటోజూన్ సైమండై, నేను మిషిగన్ వెళ్లిందే దానికోసం. దానికి రంగు గింజలుండవు. అది చేరిన కణం ఇక కణంలా ఉండదు, రెండు కొసలూ కొమ్ముల్లా సాగి కదురు ఆకారంలోకి మారిపోతుంది. కణం కేంద్రకం ఒక అంచుకు నెట్టుకుపోయి సన్నటి చారగా మిగులుతుంది. ఆడ రూపం ముదురు నీలం, మగది పాలిపోయిన గులాబీ. ఒకసారి చూస్తే ఇక మరచిపోలేం.

ఆగస్టు బాతుల్లో అది బాగానే కనబడింది. అయితే అవి బలిసిన బాతులు, రింగు వేసి వదలగానే రెక్కలు టపటపలాడించి లేచిపోయేవి. "రక్తంలో ఇంత పెట్టుకుని ఇంత హాయిగా ఎలా ఉంది?" అని అడిగితే ప్రొఫెసర్‌గారు, "మే నెలాఖరు దాకా ఆగు" అన్నారు.

మే నెలాఖరుకి వాగుల్లోంచి బ్లాక్‌ఫ్లైలు లేచాయి. చిన్న గూని ఉన్న నల్ల ఈగలివి. వీటి పిల్లపురుగులు నిలవ నీటిలో బతకవు, పారే నీళ్లే కావాలి. వాగులో రాయి తీసి చూస్తే ఒత్తుగా అతుక్కుని ఉంటాయి. వెనక కొసన ఉన్న కొక్కేలతో రాతిని పట్టుకుని, మూతి దగ్గరున్న రెండు విసనకర్రలు విప్పి, ప్రవాహంలో కొట్టుకొచ్చే తిండిని వడగట్టుకుంటాయి. ఒకదాన్ని గోటితో తాకితే రాయి వదిలేసి పట్టుదారం పట్టుకుని నీటి వాలుకు జారింది. ఎంత సేపు చూసినా తనివి తీరలేదు. ఇవి బాతులకు ఈ రోగం అంటిస్తాయని 1930ల్లో కనిపెట్టింది మిషిగన్ యూనివర్సిటీకి చెందిన ఓ'రోక్. అదే రాష్ట్రంలో సెనీ పక్షుల ఆశ్రయంలో 1960ల్లో కెనడా గూస్ అనే పెద్ద బాతుల పిల్లలు పెద్దఎత్తున చనిపోయింది కూడా ఈ రోగం వల్లే.

ఏ వాగు దగ్గర ఎంత ముప్పో తెలుసుకోవడానికి పెంపుడు బాతు పిల్లల్ని బోనులో ఉంచి కొన్నాళ్లు అక్కడ పెడతారు. తిరిగి తెచ్చి ఈగ దూరని గదిలో పెట్టి రోజూ చుక్క రక్తం చూస్తారు. ఇది నాకు మనసు కష్టపెట్టిన పని. దాదాపు వారానికి స్లయిడులో సాగిన కణాలు మొదలవుతాయి. పొద్దున మేత తిన్న పిల్ల సాయంత్రానికి మూలకు చేరి రొప్పుతుంది. అలా కనబడగానే బాధ లేకుండా ప్రాణం తీయాలని అనుమతిలోనే రాసుకున్నాం, అలాగే చేశాం. కోసి చూస్తే ప్లీహం ఉబ్బి ఉంది, రక్తం నీళ్లలా ఉంది. స్లయిడులో పరాన్నజీవి పట్టిన కణాలు కొన్నే, విరిగిపోయిన ఎర్రకణాలు మాత్రం ఆ లెక్కకు ఎన్నో రెట్లు. జబ్బుపడ్డ పిల్ల సీరంలో పుట్టే పదార్థం ఒకటి పరాన్నజీవి పట్టని కణాలనూ పగలగొడుతుంది. అంటే స్లయిడులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టినంత మాత్రాన రోగం ఎంతో తెలియదు.

అక్కడే ఆగస్టు బాతు సంగతి తేలింది. చిన్నప్పుడు బతికి బయటపడ్డ బాతు ఒంట్లో అది ఏళ్ల తరబడి అణగి ఉంటుంది. వసంతంలో బాతు గుడ్లకు సిద్ధమయ్యే వేళకి మళ్లీ రక్తంలోకి పొంగుతుంది. సరిగ్గా అప్పుడే ఈగలు లేస్తాయి, ఆ వెనకే పిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయి. తల్లికి పెద్దగా పట్టని రోగాన్ని ఈగ పిల్లలకు చేరుస్తుంది. అందువల్ల నేనిప్పుడు ఏ స్లయిడు పక్కనైనా పక్షి వయసు, తేదీ, దగ్గర్లో పారే నీరుందా అన్నది రాయకుండా "ఉంది", "లేదు" అని రాయను. అవి లేని స్లయిడు నా దృష్టిలో సగం స్లయిడే.

స్లయిడులో కనబడలేదంటే లేదని కూడా కాదు. అణగి ఉన్న కాలంలో మైక్రోస్కోప్ కింద స్లయిడును వందల చోట్ల చూసినా దొరక్కపోవచ్చు. అప్పుడు డీఎన్‌ఏను పెంచి చూసే పీసీఆర్ పరీక్ష చేసి, పరాన్నజీవి సైటోక్రోమ్ బి జన్యువులో చిన్న ముక్కను చదివి, పక్షుల రక్త పరాన్నజీవుల వంశాలుండే మలావీ అనే డేటాబేస్‌లో ఏ వంశంతో కలుస్తుందో చూస్తాం. పీసీఆర్ ఉండగా మైక్రోస్కోప్ ఎందుకనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పక్షిలో పూర్తిగా పెరగకుండానే ఆగిపోయిన పరాన్నజీవి ముక్కలకూ పీసీఆర్ పలుకుతుంది, రెండు మూడు రకాలు కలిసి ఉంటే ఒకదాన్నే చూపించి ఊరుకోవచ్చు కూడా. రెండూ చేయాల్సిందే.

ఈమధ్య నాన్న ఫోన్‌లో, "మన బాతుల మందలకీ వస్తదేంట్రా అది?" అని అడిగారు. బ్లాక్‌ఫ్లైకి పారే వాగు కావాలి, కొల్లేరు నిలవ నీరు నాన్నా, దీని భయం అక్కడ తక్కువ అన్నాను. దోమలూ నుసుములూ మోసే మిగతా రెండింటికీ మాత్రం మన దగ్గర కొదవేం లేదు. "మనుషులకి అంటదుగా?" అన్నారు. ఇవి అంటవు. అలాగని చచ్చిన బాతును ఉత్త చేత్తో ముట్టుకోవద్దని చెప్పాను, బర్డ్ ఫ్లూ సంగతి వేరు.

మన దగ్గర శీతాకాలంలో దిగే సూదితోక బాతుల రక్తం చూడాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తప్పనిసరి. అది వచ్చేలోపు అవే నీళ్లలో తిరిగే పెంపుడు మందలతో మొదలుపెట్టొచ్చు, రైతు ఒప్పుకుంటే. కైకలూరు, ఏలూరు వైపు పనిచేసే పశువైద్య మిత్రులు బాతు పిల్లలు రక్తం పాలిపోయి చనిపోతుంటే కొన ప్రాణంతో ఉన్న పిల్ల నుంచి రెండు స్లయిడులు తీసి, ఆరబెట్టి, అదే రోజు మిథనాల్‌లో ముంచి ఉంచండి. పెన్సిల్‌తో వయసూ తేదీ రాయండి. నేను వచ్చినప్పుడు కలిసి చూద్దాం.