మన చొక్కా ఎవరు కుట్టారు?

పిల్లల బట్టలు సర్దుతూ లేబుళ్ళు చూశాను. బంగ్లాదేశ్, వియత్నాం, ఇండియా. ఆ దేశాలే ఎందుకు?

మెత్తని గుడ్డను సర్ది సూది కిందికి తోయడం ఇప్పటికీ ఎక్కువగా మనిషి చేతి పనే. అందుకే కూలి తక్కువున్న చోటికి ఆర్డర్లు పోతాయి. కూలి ఒక్కటే కాదు. 1974 నుంచి 2004 దాకా అమెరికా, యూరప్ దేశాలు ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు రావాలో కోటా పెట్టాయి. ఒక దేశం కోటా నిండితే కంపెనీలు ఇంకో దేశం వెతుక్కునేవి. బంగ్లాదేశ్‌కి అలా కలిసొచ్చింది. పైగా యూరప్‌లో వాళ్ళ బట్టలకు సుంకం లేదు.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కుప్పకూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి. అయినా పనిలోకి రమ్మన్నారు! తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఇక్కడ బెంగళూరులో, మా వీధిలోని మదనపల్లె అక్క బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్‌కి వెళ్తుంది. ఆమె పని కాలర్లు కుట్టడం. మా వాడి చొక్కా చేతికిస్తే, లోపలికి తిప్పి, కాలర్ అంచు వెంట బొటనవేలు జరిపి, "బాగా కుట్టినారు పాపా" అంది. కుట్టినవాళ్ళను మెచ్చుకున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి.

2016 ఏప్రిల్‌లో పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం నిబంధన పెడితే, ఇక్కడి గార్మెంట్స్ ఆడవాళ్ళు వేలమంది రోడ్డెక్కారు. దాంతో ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. మీరూ వెళ్ళారా అక్కా అని అడిగాను.

"పోకుండా ఎట్లా? అది మా బిడ్డ చదువు దుడ్డు."