ఎర్ర బోర్డు మీద గోలీసోడా

మే నెల, బుధవారం రాత్రి

ఈరోజు పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఒక్క గోలీసోడా సీసా బొమ్మ మీదే ఉన్నాను. పెళ్ళి బ్యానర్లూ గృహప్రవేశం కార్డులూ షాపులో పని నేర్చుకుంటున్న పిల్లోడికి అప్పజెప్పేశాను. ఎండలకు తిలక్ రోడ్డు మీదే జనం లేరు, ఇంక మా మేడ మెట్లు ఎక్కేదెవరు? ఇట్లాంటి తీరిక మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో అనిపించి నింపాదిగా కూర్చున్నాను.

సీసా కావాల్సింది లీలామహల్ సర్కిల్ పక్కన బండి పెట్టుకున్న సోడా అన్నకి. బండి నుదుటన కట్టుకునే ఫ్లెక్సీ, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. ముదురు ఎరుపు మీద పసుపు అక్షరాలు, కుడి పక్కన నిలువెత్తు సీసా. నెట్‌లో దొరికిన ఫోటో ఒకటి ఫోన్లో తెచ్చాడు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తీసింది, చాలా శుభ్రంగా ఉంది. "దీన్ని కత్తిరించి ఎరుపు మీద పెట్టేయి మ్మా, అయిపోతాది" అన్నాడు.

అట్ల పెడితే సీసా బోర్డులో కలవదు. గాజులోకి పోయిన వెలుగు వంగుతుంది, అంచుల దగ్గర మరీ ఎక్కువ వంగుతుంది. అందుకని సీసా అంచులో మనకు కనిపించేది దాని నేరు వెనకున్న గోడ కాకుండా, ఆ గోడకి అవతల పక్కల్లో ఏముందో అది. తెల్ల తెర ముందు సీసా పెట్టి చుట్టూ చీకటిగా ఉంచితే అంచులు నల్లగా దిగుతాయి. నల్ల గుడ్డ ముందు పెట్టి రెండు పక్కల నుంచి లైటు వేస్తే అవే అంచులు తెల్లటి సన్న గీతలవుతాయి. గాజు సామాన్లు ఫోటో తీసేవాళ్ళు ఈ రెండు పద్ధతులతోనే నెట్టుకొస్తారు. అన్న తెచ్చిన ఫోటోలో అంచులు నల్లటివి. ముదురు ఎరుపు మీద అవి కరిగిపోతాయి, మధ్యలో కాస్త తెల్లటి మసక మాత్రం మిగులుతుంది. ఎంత నేర్పుగా కత్తిరించినా అతికించినట్టే ఉంటుంది.

"అన్నా, ఒక నిండు సీసా, ఒక ఖాళీ సీసా ఇచ్చి పో. సాయంత్రానికి నీ సీసానే గీసిస్తా" అన్నాను. తడి గోనెపట్టాలో చుట్టి ఇచ్చాడు.

మా షాపుకి ఉత్తరం కిటికీ ఉంది, అందులోంచి కొండ కనిపిస్తుంది. ఈ నెలల్లో మన తిరుపతికి సూర్యుడు కొంచెం ఉత్తరంగా జరిగి ఉదయిస్తాడు కాబట్టి పొద్దున కాసేపు ఆ కిటికీలోకి ఏటవాలుగా ఎండ వస్తుంది. రెండు సీసాలూ కిటికీ గట్టు మీద పెట్టి, కంప్యూటర్ ఆన్ చెయ్యకుండా చూస్తూ కూర్చున్నాను. ఈ చూడటమే సగం పని. ఫోటోషాప్‌లో ఏ పనిముట్టు ఎక్కడుందో ఎవరైనా నేర్పుతారు, సీసాలో ఏముందో మాత్రం ఎవరికి వాళ్ళు చూసుకోవాలి.

నిండు సీసాలో కొండ అటుదిటు అయింది. ఎడమ పక్కనున్న రాతి చరియ కుడి పక్కకొచ్చింది, కానీ శిఖరం పైనే ఉంది, తలకిందులు కాలేదు. నీళ్ళు నిండిన సీసా నిలువు స్తంభం లాంటి కటకం, అడ్డంగా మాత్రమే వంపు ఉంది, నిలువుగా లేదు. అదే ఖాళీ సీసాలోంచి చూస్తే కొండ దాదాపు ఉన్నచోటే ఉంది, అంచుల్లో తప్ప ఎక్కడా చెదరలేదు. ఖాళీ సీసా అంటే రెండు పలచటి గాజు గోడలు, మధ్యలో గాలి. గోలీ దగ్గరికొస్తే అది గుండు కాబట్టి అందులో కొండ చిన్నదైపోయి పూర్తిగా బోర్లా పడింది. ఒకే కొండ మూడు చోట్ల మూడు రకాలు. బొమ్మలో ఈ తేడా లేకపోతే చూసేవాళ్ళు కారణం చెప్పలేకపోయినా, సీసాలో ఏదో లోటుందని పసిగట్టేస్తారు.

ఇంకొకటి గమనించాను, ఇది నాకు చాలా నచ్చింది. సోడా ఉన్నంత మేర సీసా ప్రశాంతంగా ఉంది, పైన ఖాళీ మెడలో మాత్రం మెరుపు గీతలు గజిబిజిగా ఉన్నాయి. లెక్క ఇది: వెలుగు గాలిలోంచి గాజు మీద తిన్నగా పడినప్పుడు 4 శాతం దాకా వెనక్కి తిరుగుతుంది. గాజు వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె, దాదాపు 1.5, నీళ్ళది 1.33. ఆ రెంటికీ తేడా తక్కువ కాబట్టి గాజూ నీళ్ళూ కలిసేచోట తిరిగొచ్చే వెలుగు అందులో పదో వంతు కూడా ఉండదు. అందుకే నీళ్ళు తగిలిన లోపలి గోడ మెరుపులు దాదాపు మాయమవుతాయి. పైన గాలి ఉన్నచోట ప్రతి గోడా లోపలా బయటా మెరుస్తుంది. మెరుపులన్నీ సీసా అంతటా సమానంగా పరిచేసే బొమ్మలు చాలా చూశాను. వాటిల్లో సోడా ఎప్పటికీ తడిగా అనిపించదు.

పదకొండు దాటాక పని మొదలుపెట్టాను. అంగుళానికి 72 పిక్సెళ్ళ రిజల్యూషన్‌లో 3456 × 2592 పిక్సెళ్ళ కాన్వాస్. ముందు ఎరుపు. ఒట్టి ఎరుపు కాకుండా, ఎడమ పై మూల కొంచెం వెలుగుగా, కుడి కింది మూల బాగా ముదురుగా. సీసా లోపల కనిపించబోయేది ఈ ఎరుపే కనుక బ్యాక్‌గ్రౌండ్ తేలకుండా సీసా జోలికి పోకూడదు. తర్వాత పెన్ టూల్‌తో సగం సీసా గీసి, ఆ సగాన్ని తిరగేసి అతికాను. ఆకారానికి ఈ కిటుకు సరిపోతుంది, వెలుగుకి పనికిరాదు. వెలుగు ఒక పక్క నుంచే వస్తుంది.

పిల్లోడు పక్కకొచ్చి నిలబడ్డాడు. "గాజుకి బ్రష్షు ఏమన్నా ఉండాదా అక్కా?" అన్నాడు. లేదురా, గాజుకి రంగే లేదు, వెనకున్న ఎరుపునే కాపీ చేసి సీసా ఆకారం బయట కనపడకుండా మాస్కు వేస్తున్నా చూడు అన్నాను. సోడా ఉన్న భాగంలో ఆ కాపీని అడ్డంగా తిప్పేశాను. దాంతో బోర్డులో ఎడమ పక్కనున్న వెలుగు సీసాలో కుడి పక్కకి వచ్చింది. అంతవరకూ ఏమీ లేనిచోట ఒక్కసారిగా నిండు సీసా కనిపించేసరికి వాడు "అబ్బా" అన్నాడు. ఇంకా ఒక్క మెరుపు కూడా వేయలేదు.

మెడ దగ్గర మాత్రం బొమ్మని కావాల్సినచోట పక్కకి జరిపే డిస్‌ప్లేస్ ఫిల్టరు వాడాను. దానికి ఇంకో ఫైలులో నలుపు తెలుపు బొమ్మ ఒకటి చేసిపెట్టుకోవాలి. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే 128 దగ్గరి మధ్య బూడిద రంగు ఉన్నచోట బొమ్మ కదలదు, నలుపు ఒక పక్కకి లాగుతుంది, తెలుపు రెండో పక్కకి. మెడ మధ్యంతా బూడిద, అంచుల్లో మాత్రం ఒకవైపు నలుపుకీ ఒకవైపు తెలుపుకీ జారే గ్రేడియెంట్. వెనక వేసిన పసుపు చారలు అంచు దగ్గరికి రాగానే ఒరుసుకున్నట్టు వంగాయి.

అప్పుడు అంచులు. ముదురు బోర్డు కాబట్టి తెల్ల అంచులు, కింది రంగుని వెలిగించే స్క్రీన్ మోడ్‌లో. వాటిని ఆనుకుని లోపలి వైపు సన్నటి ముదురు గీత, కింది రంగుని ముదిరించే మల్టిప్లై మోడ్‌లో. రెండూ పక్కపక్కన ఉంటేనే గాజుకి మందం వస్తుంది. మన గోలీసోడా సీసా మామూలు సీసాకంటే చాలా మందం, లోపల గ్యాసు తోసేదాన్ని తట్టుకోవాలి కదా. మందం ఎక్కువైన కొద్దీ ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది. గాజుకి వాడే ఇసుకలో ఉన్న ఇనుము వల్ల ఆ రంగు. అడుగున, మూతి చుట్టూ, మెడ నొక్కుల దగ్గర పచ్చదనం కాస్త ఎక్కువ పెట్టి, పొట్ట దగ్గర దాదాపు తీసేశాను.

మధ్యాహ్నం తిని వచ్చేసరికి పిల్లోడు ఫోన్లో ఏఐతో ఒక సీసా చేయించి చూపించాడు. పైపైన చూస్తే జిగేలుమంటోంది. కానీ గోలీ సీసా పొట్టలో, సోడా అడుగున పడుంది. అది జరగని పని. మెడ కింద సన్నటి నొక్కు ఉండేదే గోలీ కిందికి పోకుండా ఆపడానికి. 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఆయన ఈ సీసాకి పేటెంటు తీసుకున్నాడు. సీసాని తలకిందులుగా నింపుతారు, నిండాక గ్యాసు తోపుడికి గోలీ మూతిలోని రబ్బరు వాషరుకి అతుక్కుపోతుంది. తాగేటప్పుడు గోలీని కిందికి కొడితే మెడ గదిలో పడుతుంది, వంచినప్పుడు మళ్ళీ మూతికి అడ్డం రాకుండా పక్కనున్న నొక్కులు పట్టుకుంటాయి. దాదాపు 150 ఏళ్ళుగా ఆ సీసాలో ప్రతి వంపుకీ ఒక పని ఉంది. ఇవన్నీ పిల్లోడికి ఖాళీ సీసా వంచి చూపించాను. మేకు మీద వేలాడే బట్టల్ని బట్టి మనిషి ఒడ్డూ పొడుగూ ఊహించలేనట్టే, వంపులు తెలియకుండా మెరుపులు పెట్టడం కుదరదు. మెరుపు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో ఆ వంపే చెబుతుంది.

సోడా అన్న ఫోన్ చేసి ఒకే మాట చెప్పాడు: "గోలీ పైన్నే ఉండాల మ్మా. కిందికి దిగితే గ్యాసు పోయినట్టు." ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు న్యాయం. గోలీని వాషరు కింద నొక్కిపెట్టి, దాని చుట్టూ రబ్బరు నలుపుని వంకర అర్ధచంద్రంలా గోలీలోకి దించాను. ఫోను పెట్టేముందు పక్కన ఒక పన్నీర్ సోడా (గులాబీ రంగు సోడా) సీసా కూడా వేస్తే బాగుంటుంది అన్నాడు. సరే చూస్తానన్నాను.

మెరుపులు అన్నిటికంటే ఆఖర్న పెట్టాను. ఇది నాయన దగ్గర నేర్చుకున్నది. ఆయన ఎనామిల్ పెయింటుతో బోర్డులు రాసేవాడు, తెల్ల డబ్బా మూత చివరి గంటలో తప్ప తీసేవాడు కాదు. నేనూ ముందు కిటికీ ఆకారంలో నిలువు పట్టీ ఒకటి పెట్టాను, ఒక అంచు కత్తితో కోసినట్టు, ఇంకో అంచు మెల్లగా మసకబారేట్టు. భుజం దగ్గర అది వంపు తిరిగి సన్నబడాలి. ఎదురు పక్కన వెనక గోడ నుంచి వచ్చే రెండో మెరుపు చిన్నది, మసకైనది. ఒట్టి తెలుపు మొత్తం సీసాలో రెండు మూడు చుక్కలే, మిగతావన్నీ కొంచెం తగ్గించినవి. ఫ్లెక్సీ మీద బట్ట తెలుపుకి మించిన తెలుపు ఎట్లాగూ రాదు, దాన్ని అన్నిచోట్లా ఖర్చుపెట్టేస్తే మెరుపుకి ఏమీ మిగలదు.

నీడ దగ్గర చాలా సేపు పట్టింది, ఆ సేపంతా సంతోషంగా ఉంది. పొద్దున ఎండలో నిండు సీసా నీడ మధ్యలో ఎండకంటే కాంతిగా ఒక గీత పడింది. సోడా నీళ్ళు వెలుగుని అక్కడికి పోగుచేస్తున్నాయి. నీడని మల్టిప్లైలో వేసి, సీసాకి దగ్గరగా గట్టిగా, దూరం పోయేకొద్దీ ఎక్కువ బ్లర్ చేసి, మధ్యలో ఆ వెలుగు గీతకి లేత పచ్చ కలిపాను. సీసా ఒక్కసారిగా నేల మీద నిలబడింది.

ఇంటికొచ్చాక నాయనకి ఫోన్లో చూపించాను. కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూశాడు. "ఎండ ఎడమ పక్కనుంచి కొడతా ఉండాది. అక్షరాలకి నీడ వేసేటప్పుడు సీసా నీడ పడిన పక్కకే పడేటట్టు చూడు మ్మా" అన్నాడు. అక్షరాలింకా వేయలేదు, కానీ ఆ మాట చీటీ మీద రాసిపెట్టుకున్నాను. కంప్యూటర్లో నీడ కోణం ఒక్క అంకె మారిస్తే మారుతుంది. ఆయన కాలంలో ముందుగా అనుకోకపోతే బోర్డంతా మళ్ళీ రాయాల్సిందే.

భోంచేశాక పన్నీర్ సోడా గురించే ఆలోచిస్తున్నాను. గులాబీ రంగు నీళ్ళు ఎరుపుని వదిలేసి పచ్చదనాన్ని పట్టేసుకుంటాయి. ఎర్ర బోర్డు ముందు పెడితే సీసా లోపల ఎరుపే కనిపిస్తుంది, అందులో గులాబీ ఉందని ఎవరికీ తెలియదు. దాని వెనక లేత పసుపు వెలుగు గుండ్రంగా ఒకటి పెట్టాలి, అప్పుడు గులాబీ నారింజ వైపు తిరిగి వెలుగుతుంది. అయితే ఆ వెలుగు మొదటి సీసా వెనక కూడా కొంచెం పాకుతుంది, దాని కుడి అంచు ఇప్పుడున్నంత తెల్లగా ఉండకూడదు, కాస్త ముదరాలి. రేపు పొద్దున ముందు ఆ పసుపు తేల్చుకుని, తర్వాతే అంచుల లేయర్ తెరుస్తాను. సోడా అన్నకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, వచ్చేటప్పుడు నిండు పన్నీర్ సోడా ఒకటి తెమ్మని.