పురిటి మంచం వెనుక కూర్చునే మనిషి

మా నాయనమ్మ తెనాలి దగ్గరి పల్లెలో జరిగిన తన తొమ్మిది కాన్పుల గురించి చెప్పినప్పుడల్లా ఇద్దరు స్త్రీలను తలుచుకునేది. ఒకరు ముందు కూర్చుని బిడ్డను పట్టే మంత్రసాని. మరొకరు వెనుక కూర్చుని, నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె వీపును తన గుండెలకు ఆనించుకుని, చంకల కింద చేతులు వేసి పట్టుకునే మేనత్త. ఆ తొమ్మిది మందిలో ముగ్గురు బిడ్డలు దక్కలేదు కనుక ఆనాటి పద్ధతే మేలని నేను ఎన్నటికీ అనను. కాన్పులు ఆసుపత్రులకు మారినందువల్లనే ఎందరో తల్లులు, బిడ్డలు బతికి బట్టకట్టారు. అయితే ఆ మార్పులో మంత్రసాని స్థానంలోకి డాక్టరు, నర్సు వచ్చారు గాని, వెనుక కూర్చునే మనిషి స్థానంలోకి ఎవరూ రాలేదు.

ఆ లోటు ఎంత పెద్దదో ఆరేళ్ల క్రితం గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా పెద్దమ్మాయి తొలి కాన్పు నాడు నాకు తెలిసింది. లేబర్ రూము గుమ్మం దగ్గరే నన్ను ఆపి, పిలిచేదాకా బయటే ఉండమన్నారు. పధ్నాలుగు గంటలు ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని ఇనుప కుర్చీలో కూర్చున్నాను. లోపల నా బిడ్డ పొట్టకు యంత్రం కట్టించుకుని, వెల్లకిలా పడుకుని ఒంటరిగా నొప్పులు పడింది. చివరికి ఆపరేషను లేకుండానే మూడు కిలోల మగబిడ్డ పుట్టాడు. అదృష్టమని అందరూ అన్నారు. ఆ రాత్రి గురించి మా అమ్మాయి మాత్రం ఒక్క మాటే చెప్పింది: "లోపల నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదమ్మా."

రెండేళ్ల క్రితం చిన్నమ్మాయి కాన్పు విజయవాడలో జరిగింది. కాన్పు వేళ పక్కన తోడుండడానికి డౌలాను పెట్టుకుందామని మా చిన్నల్లుడు అన్నప్పుడు ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. అది సేవ చేసే స్త్రీ అనే అర్థం గల గ్రీకు మాట. 1970లలో డానా రఫాయెల్ అనే మానవశాస్త్రవేత్త దానిని తల్లికి తోడుండే స్త్రీ అన్న అర్థంలో వాడుకలోకి తెచ్చారు. మా వియ్యపురాలికి ఆ ఆలోచన రుచించలేదు. "డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడమేమిటి వదినగారూ, మనమిద్దరం లేమా?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. కాని కన్నబిడ్డ నొప్పి చూసి తల్లి తట్టుకోలేదు. మన భయం మన ముఖంలో కనిపిస్తుంది, దానిని చూసి ఆ పిల్ల మరింత బెదిరిపోతుంది. కాన్పు సంగతులు తెలిసి, తాను బెదరని మనిషి ఒకరు పక్కన ఉండడం వేరు.

మేము పెట్టుకున్న డౌలా ఇంటికి వచ్చిన మొదటి రోజునే తాను చేయని పనులేమిటో చెప్పారు. బీపీ చూడరు, లోపలి పరీక్ష చేయరు, మందులు ఇవ్వరు, బిడ్డను పట్టరు, డాక్టరు మాటకు ఎదురు చెప్పరు. ఆ మాటతోనే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది. నర్సులకు ఉన్నట్లు డౌలాలకు మన దేశంలో ప్రభుత్వ రిజిస్ట్రేషను లేదు కనుక, ఎక్కడ శిక్షణ పొందారో, ఎన్ని కాన్పులకు తోడున్నారో, ఆ రోజు తాము రాలేకపోతే ఎవరిని పంపుతారో కుటుంబమే అడిగి తెలుసుకోవాలి. ఆసుపత్రి అక్కరలేదని, డాక్టర్లందరూ మోసగాళ్లని చెప్పే మనిషి ఎదురైతే ఆ గుమ్మం నుంచే వెనుదిరగడం మంచిదని నా అభిప్రాయం.

నొప్పులు మొదలైన రాత్రి ఆవిడ అమ్మాయిని పడుకోనివ్వక హాలులో నడిపించారు, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి ఊగించారు, నొప్పి వచ్చిన ప్రతిసారీ నడుము కింద రెండు అరచేతులతో గట్టిగా అదిమి పట్టారు. నిటారుగా ఉంటే నొప్పుల తొలి దశ త్వరగా సాగుతుందని, భయం పెరిగితే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరిగి, నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ అనే హార్మోనుకు అడ్డు తగులుతుందని నాకు వివరించారు. అల్లుడికి నడుము ఎక్కడ అదమాలో చూపించారు. వణుకుతున్న నా చేతికి తడిగుడ్డ ఇచ్చి, "అమ్మగారూ, నుదుటి పని మీది" అన్నారు.

తరువాత ఈ విషయం గురించి చదివినప్పుడు నన్ను కదిలించినది అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగి 1991లో వెలువడిన ఒక పరిశోధన. తొలిచూలు స్త్రీలలో డౌలా తోడున్నవారికి సిజేరియన్లు 8 శాతం, ఏ తోడూ లేనివారికి 18 శాతం. వీరు కాక మరో గుంపు ఉంది. వారి గదిలో ఒక మనిషి దూరంగా కూర్చుని, పలకరించకుండా, జరిగేది రాసుకుంటూ ఉండేవారు, అంతే. వారిలో సిజేరియన్లు 13 శాతం. గదిలో ఊరికే ఒక మనిషి ఉన్నందుకే ఇంత తేడా ఎలా వచ్చిందో నేను చాలా రోజులు ఆలోచించాను. పదిహేను వేల మందికి పైగా స్త్రీలపై జరిగిన 26 ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ 2017 నాటి సమీక్ష కూడా, విడవకుండా తోడు దొరికిన వారికి సహజ కాన్పులు ఎక్కువని, నొప్పుల సమయం కొంత తక్కువని, కాన్పు పట్ల చేదు భావన తక్కువని తేల్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, డౌలా ఒక్కరే దానిని తగ్గించగలరని నేను అనుకోవడం లేదు.

మా చిన్నమ్మాయికి సిజేరియనే అయింది. పదహారు గంటల తరువాత నొప్పులు ముందుకు సాగలేదు, బిడ్డ గుండె వేగం తగ్గసాగింది. ఆపరేషను చేయాలని డాక్టరుగారు చెప్పినప్పుడు డౌలా అడ్డుచెప్పలేదు. "అడగవలసినది ఏమైనా ఉంటే ఇప్పుడే అడుగు తల్లీ" అని అమ్మాయితో అన్నారు. అమ్మాయి అడిగింది, డాక్టరుగారు రెండు నిమిషాలు నిలబడి ఓపికగా వివరించారు, తెలిసి సంతకం చేసింది. థియేటరు తలుపు దాకా చెయ్యి పట్టుకుని నడుస్తూ, వెన్నులో సూది వేస్తారని, నొప్పి తెలియదు గాని కడుపులో లాగుతున్నట్లు ఉంటుందని, తరువాత ఒళ్లు వణికితే భయపడవద్దని ఆవిడ చెబుతూనే ఉన్నారు. బయటికి తెచ్చాక కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను చంక కింద పట్టుకునే పద్ధతి చూపించి, ముర్రుపాలు పట్టించారు. ఆ రోజు గురించి మా చిన్నమ్మాయి అడిగినవారికీ అడగనివారికీ సంతోషంగా చెబుతుంది.

డౌలా రుసుము అందరూ భరించలేనిదే. అయితే ప్రభుత్వాసుపత్రులలో కాన్పు సమయంలో ఒక తోడు మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే నిర్ణయించింది. తల్లి, అత్త, అక్క, ఎవరైనా సరే, అంటువ్యాధి లేకుండా, శుభ్రమైన బట్టలతో వచ్చి, సిబ్బంది పనికి అడ్డురాకుండా మొదటి నుంచి చివరి దాకా ఉండాలి. ఈ సంగతి తెలియని కుటుంబాలు ఇంకా ఉన్నాయి. నెలలు నిండకముందే, చూపించుకోవడానికి వెళ్లినప్పుడే, తోడుగా ఎవరు లోపలికి వస్తారో చెప్పి ఒప్పించుకోవాలని మా వీధిలోని ప్రతి కడుపుతో ఉన్న పిల్లకూ నేను చెబుతున్నాను.

ఇప్పుడు మా పెద్దమ్మాయికి మళ్లీ ఏడో నెల. పోయిన ఆదివారం ఆ డౌలాగారే విజయవాడ నుంచి గుంటూరు వచ్చారు. కాఫీ పెట్టడానికి నేను వంటింట్లోకి వెళ్లగానే, "మొదటి కాన్పు ఎలా జరిగిందో చెప్పమ్మా" అని అడగడం వినిపించింది. కాసేపు మాట లేదు. తరువాత మా అమ్మాయి మొదలుపెట్టింది. కాఫీ చల్లారిపోయినా నేను లోపలికి తీసుకువెళ్లలేదు. గంటకు పైగా పొయ్యి దగ్గరే నిలబడి, ఆరేళ్లుగా నాకు చెప్పని మాటలన్నీ విన్నాను.