జ్వరం కోసం దాచిన డబ్బు

మా పాపకి ఐదేళ్లప్పుడు ఏఎల్ఎల్ అనే రక్త క్యాన్సర్ అని తేలింది. హిందూపురం నుంచి బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకొచ్చాం. పిల్లల్లో ఇది చాలావరకు నయమవుతుందని, కాకపోతే చికిత్స రెండు మూడేళ్లు సాగుతుందని డాక్టరమ్మ చెప్పారు. మా అత్తమ్మ వెంటనే మెడలో గొలుసు తీసి, "అమ్మేయండి నాయనా" అంది. మా ఆయన అమ్మలేదు, బ్యాంకులో తాకట్టు పెట్టారు. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో బంగారం మీద అంతకంటే చాలా తక్కువ.

బెడ్డుకీ డాక్టర్లకీ పెద్దగా ఖర్చు కాలేదు. గది అద్దె, బయట చేయించిన టెస్టులు, మా ఆయన ఆటో తోలని రోజుల్లో పోయిన సంపాదన, ఇవే మమ్మల్ని కుంగదీశాయి. వీటన్నిటికంటే జ్వరం టెన్షన్ ఎక్కువ. కీమో అనే క్యాన్సర్ మందులతో రక్తంలో తెల్లకణాలు పడిపోయినప్పుడు జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి చూస్తూ కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రిలో చేర్చి యాంటీబయాటిక్స్ ఎక్కించాలి. అది ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియదు. అందుకే అద్దె బాకీ పడినా సరే, జ్వరం కోసమని తీసిపెట్టిన డబ్బు మాత్రం ముట్టుకోలేదు. ప్రతి అమ్మానాన్నా ఇలా కొంత పక్కన పెట్టుకోవాలని గట్టిగా చెప్తాను.

ఆస్పత్రిలో సోషల్ వర్కర్‌ని మొదట్లోనే కలవండి. ఏ సాయానికి ఏ కాగితం కావాలో వాళ్లకి తెలుసు. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి సర్టిఫికెట్ ఉండాలి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఒరిజినల్ బిల్లులు అడుగుతారు, మందుల షాపు చీటీ కూడా పారేయకండి. బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే ఒప్పుకోకండి.

చికిత్స చివరి దశలో మందులు ఇంట్లోనే. రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. అంతకుముందు ఖర్చుతో చూస్తే మాత్రలు చవకే. పిల్ల ఆడుకుంటోంది కదా, కూలి పోతుంది కదా అని అప్పుడే రావడం మానేసినవాళ్లని చూశాను. వాళ్ల కష్టం నాకు తెలుసు, కోపం రాదు. కానీ మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడయ్యే ఖర్చు మొదటిదానికంటే ఎంతో ఎక్కువ, పిల్ల పడే బాధా ఎక్కువే. దయచేసి మానకండి. చార్జీలకి లేకపోతే ఆ మాటే సోషల్ వర్కర్‌తో చెప్పండి.

ఇప్పుడు పాపకి మందులన్నీ ఆపేశారు. బడికి వెళ్తోంది, చెకప్‌లకి మాత్రం తీసుకొస్తున్నాం. చిన్నాయన దగ్గర తీసుకున్న అప్పు నెలనెలా తీరుస్తున్నాం.