గేర్ లేని బండిలో ఆర్టీసీ డ్రైవర్

నాన్న ముప్పై ఏళ్లు నెల్లూరులో ఆర్టీసీ బస్సు నడిపారు. ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో మా దగ్గరే ఉంటున్నారు. మొన్న ఏప్రిల్‌లో ఆయన్ని న్యూజిలాండ్ తీసుకెళ్లాను. క్రైస్ట్‌చర్చ్‌లో అద్దె కారు తాళాలు చేతికొచ్చినప్పటి నుంచి ఒకటే గొణుగుడు: "క్లచ్ లేని బండిని ఘాట్‌లో ఎట్లా దించుతావమ్మా?"

మొదటి ఘాట్ ఆర్థర్స్ పాస్. ఎత్తు 920 మీటర్లు. దాదాపు మన బెంగళూరంతే! ఇక్కడ ట్రాఫిక్‌లో కూర్చున్నవాళ్లకి ఆ సంగతి గుర్తుండదు గానీ, అక్కడ కడుపులో తెలుస్తుంది. పాస్ దాటగానే రోడ్డు ఒటిరా వయాడక్ట్ మీదుగా జారిపోతుంది. లోయ మీద 440 మీటర్ల కాంక్రీటు వంతెన, 1999లో కట్టారు. టెన్షన్‌తోనే లివర్ లో-గేర్‌లోకి లాగాను. ఇంజన్ మూలిగింది, బండి తగ్గింది. "ఆఁ, అట్లా దించు. బ్రేకు మీద ఊరేగకు" అన్నారు. ఆ రోజుకి నాకు దక్కిన మెప్పు అంతే.

పశ్చిమ తీరం రోడ్డులో చాలా వంతెనలు ఒక్క బండి పట్టేవే. మన వైపు బాణం చిన్నదిగా, ఎర్రగా ఉంటే మనం ఆగాలి. దారిచ్చినందుకు ఎదుటివాళ్లు స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పోతారు. నాన్న మాత్రం చెయ్యంతా ఎత్తి ఊపేవారు, ఎదురొచ్చిన ఆర్టీసీ బస్సుకి ఊపినట్టు.

ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదం చూసి ఆయన నిరాశపడ్డారు. "మాసిన దుప్పటి కొండ మీద ఆరేసినట్టుంది." అబద్ధమేం కాదు. మంచు బాగా వెనక్కి పోయింది. ముందు భాగం విరిగిపడే ప్రమాదముందని 2012 నుంచి కింది నుంచి నడిచి ఎక్కనివ్వడం లేదు, హెలికాప్టరే గతి. అక్కడి మూలవాసులైన మావోరీలు దీన్ని హినే హుకటెరె కన్నీళ్లంటారు. ప్రియుడు మంచు చరియ కింద పోతే ఆమె ఏడ్చిన ఏడుపే గడ్డకట్టిందట. నాన్నకి కథ ఎక్కలేదు.

ఆయన్ని కదిలించింది ఊరి పక్క వైహో నది. రాళ్లు మోసుకొచ్చి తన అడుగునే పైకి లేపుకుంటున్న నది అది. 2019 మార్చి వరదలో దాని మీది వంతెన కొట్టుకుపోతే 18 రోజుల్లో మళ్లీ నిలబెట్టారు. నాన్న కారు దిగి, వంతెన ఇనప చట్రాన్ని చేత్తో తట్టి చూశారు. మా వీధి చివర పైపు కోసం తవ్విన గొయ్యి ఎన్నాళ్లుగా ఉందో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నవ్వుకున్నాం.

ఫాక్స్ గ్లేసియర్ ఊరు దాటాక హాస్ట్ దాకా దాదాపు 120 కిలోమీటర్లు పెట్రోలు బంకు లేదు. సగం ట్యాంకు ఉన్నా నాన్న ఫుల్ చేయించాకే కదలనిచ్చారు. అక్కణ్ణించి అడవి, అడవి చివర ఉన్నట్టుండి నైట్స్ పాయింట్, కింద టాస్మన్ సముద్రం, నురగలో నల్లటి రాళ్లు. నేను ఫోను తీసి "అటు తిరగండి నాన్నా, వెనకాల సముద్రం వచ్చేలా" అన్నాను. ఆయన వినలేదు. 1965లో ఈ రోడ్డు తెరిచినప్పుడు పెట్టిన రాయి పక్కన, డ్యూటీ ఎక్కబోతున్నట్టు నిటారుగా నిలబడ్డారు.

ఫోటోలో సముద్రం లేదు. రాయి ఉంది, నాన్న ఉన్నారు, ఆయన చొక్కా కాలరు మీద రెండు సాండ్‌ఫ్లైలు, అదే అక్కడి కుట్టే చిన్న ఈగలు, ఉన్నాయి.