45 మీటర్ల కింద, బోర్లా

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డాను. గోదావరి వరద నీరు ఎర్రగా, చెయ్యి ముంచితే వేళ్లు కనబడనంత చిక్కగా పోతోంది. స్కాట్లండ్ నుంచి వచ్చి 4 రోజులైనా ఆ చలి ఇంకా వదల్లేదు.

అక్కడి స్కాపా ఫ్లో అనే సముద్రపు అఖాతంలో 1919 జూన్ 21న జర్మన్లు తమ యుద్ధనౌకలను తామే ముంచేసుకున్నారు. అందులో మార్క్‌గ్రాఫ్ సుమారు 45 మీటర్ల లోతున బోర్లా పడి ఉంది. హీలియం కలిపిన గ్యాసు పీలుస్తూ దిగాను. లేకపోతే అంత లోతులో నైట్రోజన్ కల్లులా తలకెక్కుతుంది. టార్చి వెలుగులో ఎదురుగా గోడ కనిపించింది. గోడ కాదు, ఓడ పక్క! ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఊపిరి వేగం పెరిగింది. అది మంచి లక్షణం కాదు, అందుకే లోపలికి వెళ్లలేదు.

చూసింది 25 నిమిషాలు. ఒంట్లో చేరిన గ్యాసు మెల్లగా బయటికి పోవాలి కాబట్టి, ఆగి ఆగి పైకి రావడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. చివర్లో 6 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని, ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ వేలాడాను. వేళ్లకు స్పర్శ లేదు. అప్పుడు అమ్మమ్మ వండే పులస పులుసు గుర్తొచ్చింది, ఎందుకో మరి.

రేవులో టికెట్లు ఇచ్చే ఆయన అంతా విని, "బంగారం ఏమైనా దొరికిందా అండీ?" అన్నాడు.

"ఏదీ తీయకూడదండీ, అక్కడి చట్టం ఒప్పుకోదు."

"మరి అంత దూరం ఎందుకు వెళ్లినట్టు?"

ఇంతలో పంటు వచ్చింది.